ఊపిరి సోకితే

మంగళగిరి దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కామేశ్వరికి దెయ్యాలంటే నమ్మకం లేదు. పిల్లలెవరైనా ఆ ఊసెత్తితే నలుగురిలో నిలబెట్టి కడిగేసే మనిషి. అలాంటావిడ ఆ వేసవంతా నోరు కుట్టేసుకుంది.

ఆవిడా, భర్త శేషాచలం గారూ ఏళ్ల తరబడి ఒకే ల్యాబులో ఒకే పని పట్టుకున్నారు. హైడ్రోజన్ నుంచీ గాలి నుంచీ కరెంటు తీసే సెల్లు అది. ఆ రెంటి మధ్యా క్షారంలో నానిన ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మహా సుకుమారం. మనిషి ఊపిరి సోకితే చాలు, అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి కరెంటు పడిపోతుంది. ఊపిరికి లొంగని పొర చెయ్యాలన్నది ఇద్దరి పంతం.

శేషాచలం గారికేమో కాఫీ తాగొచ్చి సెల్లు మీదకి వంగి చూడకపోతే తోచదు. "దూరంగా ఉండండి, మీ వల్లే పడిపోతోంది" అని ఆవిడ కసిరేది. ఆయన నవ్వి వెనక్కి జరిగేవారు, కాసేపటికి మళ్లీ వంగేవారు.

కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో ఆయన గుండె ఆగి పోయారు.

కర్మలన్నీ అయ్యాక ల్యాబుకి వచ్చిన రోజే చూసిందావిడ. కాఫీ వేళకి, సెల్లు కరెంటు చూపే మీటరులో అంకె జారింది. గదిలో ఇంకెవరూ లేరు. మిరప ఘాటుకి కిటికీలు మూసుకుని తను అవతలి మూల కూర్చుంది. అంకె కాస్త పైకి లేచి, మళ్లీ దిగింది. ఆవిడ భయమేసి గది బయటికి వచ్చేసింది. మర్నాడూ అంతే. గొట్టాలు మార్చింది, లీకులు వెతికింది. అన్నీ బాగానే ఉన్నాయి. కొన్నాళ్లకి భయం పోయి, కాఫీ వేళ కోసం ఎదురుచూడటం అలవాటైంది.

ఊపిరికి లొంగకూడదని ఆయన చివరిసారి పాళ్లు కుదిర్చి పోసిన కొత్త పొర అప్పటికే సిద్ధంగా ఉంది. తోటి లెక్చరర్ శ్రీరామ్ "ఎప్పుడు బిగిద్దాం మేడం?" అంటుంటే ఆవిడ రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చింది. "సార్ కష్టం మూల పడిపోతోందండి" అన్న రోజున మాత్రం కాదనలేకపోయింది.

బిగించారు. శ్రీరామ్ సెల్లు మీదకి వంగి గట్టిగా ఊపిరి వదిలాడు. అంకె చెక్కు చెదరలేదు. "సార్ గెలిచారు మేడం" అని, ప్రిన్సిపాల్‌కి చెప్పడానికి పరుగెత్తాడు.

కాఫీ వేళయింది. కామేశ్వరి కుర్చీ లాక్కుని మీటరు ముందు కూర్చుంది. ఆయన వచ్చారో లేదో తెలిసే దారి ఆయన చేతులతోనే మూసుకుపోయింది. ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"ఏమండీ, ఉన్నారా?" అని అడిగింది.

అంకె కదల్లేదు.