ఖుర్షీదక్క వాయించే పెడల్ స్టీల్

ఆటోనగర్‌లో మా షాపుకి బోర్డయితే ఉంది గాని, ఆ పేరు పెట్టి ఎవరూ అడగరు. "నవాబ్ భాయ్ సీట్ల షాపు" అంటే చాలు, ఆటోవాళ్లు తెచ్చి ముందు దింపుతారు. కార్లకి, ట్రావెల్స్ బస్సులకి సీటు కవర్లు కుట్టడం మా పని. నవాబ్ గారు ఫోమ్ కోసి, ఫ్రేములు సరిచేసి, కవర్లు ఎక్కిస్తారు. రెగ్జిన్ మీద గీతలు గీసి కత్తిరించేది నేను, భానుశ్రీని. కుట్టేది ఆయన భార్య ఖుర్షీదక్క. పదకొండేళ్లుగా ఆవిడ మిషన్‌కి ఎదురుగానే నా టేబుల్. అందుకే ఈ సంగతి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్లు లేరని నా ధైర్యం.

ఖుర్షీదక్కకి నలభై ఏడేళ్లు. చదువు ఏడో తరగతితో ఆగింది. తర్వాత వాళ్లమ్మ తొక్కుడు మిషన్ ముందు కూర్చుంది, పెళ్లయ్యాక ఈ మోటారు మిషన్ ముందుకు వచ్చింది. మోటారు మిషన్ చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. కాలి కింద పెడల్ ఉంటుంది, ఎంత తొక్కితే అంత వేగం. మోకాలి పక్కన ఒక మీట ఉంటుంది. మోకాలితో దాన్ని పక్కకి నెడితే గుడ్డని అదిమి పట్టుకునే పాదం పైకి లేస్తుంది. చేతులు గుడ్డ మీంచి తియ్యనక్కర్లేదు. ఖుర్షీదక్క కుడుతుంటే చేతులు ఒక పని, కాలు ఒక పని, మోకాలు ఒక పని చేసుకుంటూ పోయేవి. ఆవిడ మాత్రం నాతో కూరల ధరలు మాట్లాడుతూ ఉండేది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఉయ్యూరు నుంచి జోయెల్ అనే ఆయన ట్రాలీ ఆటోలో ఒక వింత వస్తువు వేసుకొచ్చాడు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్, వాళ్ల చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. తెచ్చిన వస్తువు చిన్న బల్లలా ఉంది. పైన పది తీగలు. నాలుగు కాళ్లు. కింద మూడు పెడళ్లు, బల్ల అడుగున వేలాడుతూ నాలుగు మీటలు.

"ఇదేంటండీ, ఇస్త్రీ బల్లకి తీగలు బిగించారా?" అన్నారు నవాబ్ గారు.

"పెడల్ స్టీల్ గిటార్ అంటారండీ. ఎప్పుడో మా చర్చిలో పాడటానికొచ్చిన ఫారిన్‌వాళ్లు పోతా పోతా ఇచ్చేసిపోయారు. వాయించేవాళ్లు లేక ఆరేళ్ల నుంచి దుప్పటి కప్పి పెట్టాం. దాని పెట్టెని ఎలకలు కొరికేసినయ్. మంచి సంచి కుట్టి పెట్టండి" అన్నాడు జోయెల్.

కొలతలు తీసుకోవడానికి ఖుర్షీదక్క స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది. మోకాళ్లు అడుగున పట్టాయి. చెయ్యి టేపు పట్టుకుని ఉంది గాని, అలవాటు కొద్దీ మోకాలు పక్కనున్న మీటని నెట్టింది. సరిగ్గా అప్పుడే జోయెల్ సరదాగా ఒక తీగ మీటాడు. ఆ స్వరం ఉన్నచోట ఉండకుండా జారి, సాగి, ఇంకోచోట నిలబడింది. మనిషి గొంతు ఒక మాట మీంచి ఇంకో మాటకి వెళ్లినట్టుగా ఉంది.

ఖుర్షీదక్క టేపు వదిలేసింది. "ఇంకోసారి మీటండి" అంది. ఆయన మీటాడు. ఆవిడ ఈసారి మెల్లగా నెట్టి, మెల్లగా వదిలింది. తర్వాత ఎడమకాలు పెడల్ మీద పెట్టి చూసింది.

"భానూ, ఇది మన మిషనే కదే!" అంది నావైపు తిరిగి.

సంచి కుట్టడానికి రెండు రోజులు చాలు. ఆవిడ పది రోజులు ఉంచుకుంది. జోయెల్ మళ్లీ వచ్చినప్పుడు సంచి చేతికిస్తూ, "దీన్ని నేర్పేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అండీ?" అని అడిగింది. ఆయన నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాడు.

"బెజవాడలో అయితే లేరండీ. మన రాష్ట్రంలోనే ఉన్నట్టు నేను వినలేదు."

ఖుర్షీదక్క కూతురు ఆఫ్రీన్ అప్పుడు ఇంటర్ చదువుతోంది. మూడు రోజులు ఫోన్‌లో వెతికింది. విదేశాల్లో నేర్పేవాళ్లు ఒక గంటకి అడిగే ఫీజు మా షాపులో ఒక కారు కవర్ల ఖరీదుంది. చివరికి షిల్లాంగ్‌లో ఒకాయన దొరికాడు. బాంటేయ్ అని పేరు. నలుగురైదుగురిని కలిపి, శని ఆదివారాలు పొద్దున ఏడింటికి లైవ్ క్లాసు చెబుతాడు. నెలకి ఎనిమిది వందలు. పైగా హిందీలో చెబుతాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఖుర్షీదక్కకి అంతకన్నా ఏం కావాలి!

జోయెల్ చర్చి పెద్దల్ని అడిగి వచ్చాడు. "మూలన పడి ఉండేదానికన్నా మీ దగ్గరుంటే మంచిదన్నారు. మాకు కావాల్సిన రోజు వచ్చి వాయించి పెట్టాలంట" అని, తన పాత యాంప్లిఫయర్, శబ్దం పెంచే విడి పెడల్ కూడా ఇచ్చి వెళ్లాడు.

షాపు వెనక గదిలో ఫోమ్ షీట్ల మధ్య ఆ గిటార్‌ని పెట్టారు. మొదటి రోజు నేను కూడా పొద్దున్నే వెళ్లాను. ఫోన్ నిలబెట్టడానికి నవాబ్ గారు ఫోమ్ ముక్కతో స్టాండు చేశారు. తెర మీద నెరిసిన జుట్టాయన ఒకరు, మిగతా నలుగురు విద్యార్థులు కనిపించారు. అందరూ ముప్పై లోపువాళ్లు, అందరికీ అంతకుముందే మామూలు గిటార్ వచ్చు. ఖుర్షీదక్క సల్వార్ సర్దుకుని, దుపట్టా తలమీదికి లాక్కుని సలాం చెప్పింది.

కష్టం మొదటి నిమిషంలోనే వచ్చింది. ఆవిడ మీటిన స్వరం పుట్టగానే ఆగిపోతోందని సార్ అన్నారు. ఇక్కడ గదిలో బాగానే సాగుతోంది. సాగే శబ్దాన్ని ఫ్యాను హోరనుకుని ఫోనే కోసేస్తోందని సార్ కనిపెట్టి చెప్పారు. ఆఫ్రీన్ ఏదో సెట్టింగ్ మార్చింది. అప్పుడు షిల్లాంగ్‌లో ఆయన కళ్లు మూసుకుని విని, తలూపారు.

కాళ్లు, మోకాళ్లు ఆవిడకి వారంలో వచ్చేశాయి. చెయ్యి రాలేదు. ఎడమచేత్తో బరువైన స్టీలు కడ్డీ పట్టుకుని తీగల మీద జరపాలి. కింద గీతలుంటాయి గాని అవి గుర్తులు మాత్రమే, సరైన చోటు చెవే చెప్పాలి. ఆవిడ చెవికి అది తెలియదు. మూడు నెలలపాటు ఆ వెనక గదిలోంచి వచ్చిన శబ్దానికి కస్టమర్లు ఉలిక్కిపడేవారు. నవాబ్ గారు మాత్రం ఒక్క మాట అనలేదు. ఒకసారి పెడల్‌ని లాగే సన్న కడ్డీ విరిగితే, పక్క లేత్ షెడ్డులో కూర్చుని మధ్యాహ్నం అంతా అచ్చం అలాంటిదే చేసి తెచ్చారు.

క్లాసులో సార్ ఆవిడ దగ్గర ఆగేవారు. "ఖుర్షీదా జీ, గీత మీద కాదు. గీతకి వెంట్రుకవాసి వెనక. ఆ... ఇంకొంచెం. అదీ! ఇప్పుడు వినండి." మళ్లీ, మళ్లీ. ఆమె ఒక్కరి కోసమే పావుగంట పోయేది. ఒక ఆదివారం అలా ఆగినప్పుడు తెర పక్కన ఎవరో ఇంగ్లీషులో రాశారు. చదివి ఆఫ్రీన్ ముఖం మాడ్చుకుంది.

"ఏం రాశారే?"

"ఏం లేదమ్మీ."

"చెప్పవే."

"నెమ్మదిగా నేర్చుకునేవాళ్లని వేరే బ్యాచ్‌లో పెట్టమంటున్నారు."

రాసింది బాబీ అనే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఖుర్షీదక్క ఆ క్లాసు అయ్యేదాకా కూర్చుని, లేచి, గిటార్‌కి తను కుట్టిన సంచి తొడిగేసింది. రెండు వారాలు దాని జోలికి పోలేదు. కుట్టేటప్పుడు నాతో కూరల ధరలు కూడా మాట్లాడలేదు.

మూడో వారం షాపులో ఉండగా ఫోన్ మోగింది. షిల్లాంగ్ సార్. ఆవిడ స్పీకర్ పెట్టింది, మిషన్ మీంచి లేవకుండా.

"ఎందుకు రావడం లేదు?" అన్నారాయన.

"నాకు చెవి లేదు సార్. పిల్లలకి నావల్ల ఆలస్యం."

"చెవి వస్తుంది. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను, నా చెవి కూడా పొద్దున్నే పది నిమిషాలు మొండికేస్తుంది. కానీ కాళ్లు అందరికీ రావు. నా విద్యార్థులు ఏడాది తంటాలు పడేది కాళ్ల దగ్గరే. ఈ ఆదివారం ఫోన్ పైన పెట్టొద్దు. బల్ల కింద పెట్టండి."

"బల్ల కిందా?"

"మీ కాళ్లు కనపడాలి. చూపించండి వాళ్లకి."

ఆ ఆదివారం నేను మానలేదు. ఫోన్‌ని నేల మీద పెట్టాం. తెర నిండా ఖుర్షీదక్క కాళ్లు, అరిగిన పట్టీలతో సహా. ఎడమ పాదం మడమ ఆనించి రెండు పెడళ్ల మధ్య ఊగుతోంది, కుడికాలు శబ్దం పెంచే పెడల్ మీద తేలుతోంది, మోకాళ్లు ఇటూ అటూ తాకి వస్తున్నాయి. ఒకటి కదిలితే ఇంకోటి తడబడటం లేదు. రెండు నిమిషాలు అలాగే వాయించింది. తర్వాత ఒక గొంతు తెలుగులో వినిపించింది.

"అమ్మా, పెడల్ వదిలేటప్పుడు నాకు స్వరం తెగిపోతోందండీ. మీరెలా వదులుతున్నారు?"

బాబీ గొంతది. ఆవిడ పెడల్ ఇంకోసారి మెల్లగా వదిలి చూపించింది.

"వదలకూడదు నాయనా. మూల తిప్పేటప్పుడు కుట్టు తెగకుండా మిషన్ ఎలా తగ్గిస్తాం? అట్టా, పెడల్ పాదంతో పాటు మెల్లగా లేవాలి. ముందు మడమ నేలకి ఆనించు."

"ఆనించానండీ." మీటాడు. ఈసారి తెగలేదు. "ఆ రోజు అలా రాసింది నేనేనండీ. తప్పయిపోయింది."

"తెలుసులే. ఇంకోసారి తొక్కు, మోకాలు బిగబట్టకు" అంది ఖుర్షీదక్క.

ఆ తర్వాత ఆవిడ ఒక్క క్లాసు మానలేదు. చెవి ఎప్పుడొచ్చిందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు కత్తిరిస్తూ కత్తిరిస్తూ, వెనక గది శబ్దం నన్ను చిరాకు పెట్టడం లేదని గమనించాను. ఇంకో నెలకి, బిల్లు కోసం వచ్చిన ట్రావెల్స్ ఆయన బిల్లు తీసుకుని కూడా వెళ్లకుండా నిలబడ్డాడు. "ఎవరండీ లోపల?" అన్నాడు. "మా ఇంట్లోవాళ్లే" అన్నారు నవాబ్ గారు. అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాలి.

పోయిన ఫిబ్రవరిలో ఉయ్యూరు చర్చి వార్షికోత్సవానికి జోయెల్ పిలిచాడు. షాపు మూసి అందరం వెళ్లాం. ఖుర్షీదక్క మెట్లెక్కి స్టేజీ మీద కూర్చునేసరికి జనంలో గుసగుసలు వినిపించాయి. తలమీద దుపట్టాతో ఉన్న ఆవిడ ఎవరు, ఆ బల్ల ఏమిటి అని. జోయెల్ బృందం పాట మొదలుపెట్టింది. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటల్లా ఖుర్షీదక్క గిటార్ అందుకుని, పాటని కిందపడకుండా పట్టుకుని వాళ్లకి తిరిగి ఇచ్చేది. గుసగుసలు ఆగిపోయాయి.

రెండో పాట మధ్యలో టప్‌మని చిన్న శబ్దం. మూడో తీగ తెగింది. పాట మొత్తం దాని మీదే నడుస్తోంది. నేను కూర్చున్న కుర్చీ అంచు పట్టుకున్నాను. ఆవిడ తలెత్తలేదు. అదే స్వరం కింది స్థాయిలో ఆరో తీగ మీద ఉంటుందని సార్ ఎన్నోసార్లు చెప్పి వాయింపజేశారట. వేలు అక్కడికి జరిగింది, పెడల్ అదే, కాలు అదే. పాట కాస్త లోతుగా, గంభీరంగా మారి అలాగే చివరిదాకా సాగింది. తీగ తెగిందని స్టేజీ మీద జోయెల్ ఒక్కడికే తెలిసింది. కీబోర్డు వాయిస్తూనే నోరు తెరుచుకుని చూశాడు.

దిగాక ముందు వరసలో కూర్చున్న శౌరమ్మ అనే పెద్దావిడ ఖుర్షీదక్క చెయ్యి పట్టుకుంది. "పాట మారిన చోట నా ఒళ్లు జలదరించిందమ్మా. ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఫోన్లోనండీ."

"ఫోన్లోనా!"

"ఫోన్లోనే. కానీ సార్ ఎదురుగా కూర్చున్నట్టే కోప్పడేవారండీ."

ఆఫ్రీన్ తీసిన వీడియో ఆ సాయంత్రమే షిల్లాంగ్ వెళ్లింది. మర్నాడు సార్ ఫోన్ చేసి మెచ్చుకుంటారని ఎదురుచూశాం. ఆయన మెచ్చుకోలేదు. "తెగిన తర్వాత రెండో చరణంలో కడ్డీ ఒకచోట గీత దాటింది" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు. "వచ్చే నెల కొత్త బ్యాచ్ మొదలవుతోంది. మొదటి నాలుగు వారాలు కాళ్లు, మోకాళ్లు మీరు చెప్పండి. నాకన్నా మీరే బాగా చెబుతారు. ఫీజులో సగం మీది."

ఫోన్ పెట్టేశాక ఖుర్షీదక్క మిషన్ ఆపేసి దుపట్టాతో ముఖం తుడుచుకుంది. "ఏడో తరగతి చదివినదాన్ని, నన్ను టీచర్‌ని చేశారు భానూ" అంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

ఇప్పుడు బుధవారం మధ్యాహ్నాలు రెండున్నరకి ఆ క్లాసు. కొచ్చి నుంచి ఒక డాక్టరు, కోహిమా నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు, నాగపూర్ నుంచి ఒక రైల్వే గార్డు వస్తున్నారు. ఫోన్ బల్ల కిందే ఉంటుంది. "మడమ, మడమ!" అని హిందీలో ఆవిడ అదిలిస్తుంటే నాకు నా టేబుల్ దగ్గరికి వినిపిస్తుంది. మొన్న ఒకాయన బెంజ్ సర్కిల్ నుంచి కొత్త కారేసుకుని వచ్చి, కవర్లు ఇంకా అవలేదా, కుట్టే ఆవిడ ఎక్కడ అని తొందరపెట్టాడు. నవాబ్ గారు స్టూలు తుడిచి ముందుకు జరిపారు.

"ఒక అరగంట కూర్చోండి సార్. మేడం గారు క్లాసు చెబుతున్నారు."