ఎనెలెసి అక్క వడ్డీ లెక్క

ముందు కోపం పుట్టి, తర్వాత ఎనెలెసి అక్క పుట్టిందని మా ఊళ్లో అంటారు. సలిమా రోడ్డు మీద మినీబస్సులు ఆగే చోట పొద్దున్నే పొయ్యి రాజేసి మందాసీలు వేయిస్తుంది. గోధుమపిండి ఉండలు నూనెలో అంత గుండ్రంగా పొంగించడం ఇంకెవరికీ చేతకాదు. అరువు అడిగినవాడికి మందాసీకి బదులు నాలుగు తిట్లు దొరుకుతాయి. ఏడుస్తున్న పిల్ల కనబడితే మాత్రం తనే పిలిచి చేతిలో ఒకటి పెట్టి, ఎవరికీ చెప్పొద్దంటుంది. ఆ పిల్ల ఊరంతా చెబుతుంది.

ఆవిడ చెల్లెలు ఫెలిస్తా ఇల్లు ఎదురుగానే. మాలో ఆడపిల్లలు పెళ్లయినా తల్లి వాకిట్లోనే ఉంటారు, మొగుళ్లే వచ్చి చేరతారు. వీళ్లిద్దరి మొగుళ్లూ పోయారు, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఒక పూట అక్క న్సిమా వండితే ఇంకో పూట చెల్లెలు వండేది. ఆ మొక్కజొన్న ముద్దని ఒకే పళ్లెంలో పెట్టుకుని, ఊళ్లో వాళ్లందరినీ ఆడిపోసుకుంటూ తినేవాళ్లు. ఆ పళ్లెం రెండుగా విడిపోయి ఏడాది కావచ్చింది. ఇద్దరూ చెరో గుమ్మంలో కూర్చుని వేరువేరుగా తింటుంటే చూసి నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఈ తంటా అంతా మా వసారా బ్యాంకు తెచ్చిపెట్టింది. గురువారం గురువారం ఆడవాళ్లం మా ఇంటి వసారాలో చాప పరుచుకుని పొదుపు డబ్బు పెట్టెలో వేస్తాం. పెట్టెకి మూడు తాళాలు, మూడు తాళంచెవులూ ముగ్గురి దగ్గర ఉంటాయి. కావలసినవాళ్లు అందులోంచి అప్పు తీసుకుంటారు. వడ్డీ నెలకు నూటికి పది. ప్రతి అప్పుకీ ఒకరు హామీ ఉండాలి. తీసుకున్నావిడ తక్కువ తెస్తే హామీ ఉన్నావిడ గొణక్కుండా ఆ తక్కువ పూడ్చాలి.

నిరుడు ఎనెలెసి అక్క పిండికీ నూనెకీ లక్ష క్వాచాల అప్పు తీసుకుంది. ఫెలిస్తా హామీ ఉంది. మూడు నెలలకు అసలూ వడ్డీ కలిపి ఒక్కసారే తీర్చాలి. గడువు రోజున అక్క డబ్బు మూట చెల్లెలి చేతిలో పడేసి, పొయ్యి మీద నూనె కాగిపోతోందని పరిగెత్తింది. మూట విప్పి లెక్కపెడితే మూడు వేలు తక్కువ. ఫెలిస్తా తన కొంగుముడి విప్పి ఆ మూడు వేలూ పెట్టేసింది.

మర్నాడు అక్కని ఆ డబ్బు అడిగింది. అంతే, ఎనెలెసి అగ్గిమీద గుగ్గిలమైంది. తన లెక్క తప్పే ప్రసక్తే లేదట. చెల్లెలు సొంత అక్క మీదే వడ్డీ వ్యాపారం మొదలుపెట్టిందని వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అరిచింది. మేం సర్దిచెప్పబోతే మేమందరం ఒకటయ్యామంది. ఫెలిస్తా తన పళ్లెం తను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మా బ్యాంకులో ఇంకో నియమం ఉంది. ఏడాదిలో ఒక్కసారైనా అందరూ అప్పు తీసుకోవాల్సిందే, లేకపోతే పెట్టెలో డబ్బు పెరగదు. తీసుకోనివాళ్లు తీసుకోని అప్పుకి వడ్డీ కట్టాలి. ఊరికే కట్టడమంటే ఎనెలెసి అక్కకి ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పు తీసుకుందామంటే హామీ ఉండేవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి నా దగ్గరికొచ్చింది. ఉంటాను గానీ ముందు వడ్డీ లెక్క వేసి చూపించమన్నాను.

అదేం బ్రహ్మవిద్యా అన్నట్టు నా చేటలోంచి మొక్కజొన్న గింజలు తీసుకుంది. ఒక్కో గింజా వెయ్యి. వంద గింజలు కుప్ప పోసింది. మొదటి నెలకు అందులోంచి పది తీసి పక్కన పెట్టింది. తొంభై మిగిలాయి కాబట్టి రెండో నెలకు తొమ్మిది తీసింది. మిగిలిన ఎనభై ఒకటిలోంచి మూడో నెలకు ఎనిమిది తీసి, ఆ పైన చిల్లర వదిలెయ్యమంది. మొత్తం ఇరవై ఏడు.

అప్పటికి గాని నాకు సంగతి బోధపడలేదు. జీవితమంతా పళ్లెంలో పెట్టుకుని మందాసీలు అమ్మిన మనిషి ఆవిడ. ఒకటి తీస్తే పళ్లెంలో ఒకటి తగ్గుతుంది. వడ్డీ కూడా అంతే అనుకుంది. కుప్పని ముట్టుకోకూడదని చెబితే, తీశాక తగ్గకుండా ఎలా ఉంటుందని నా మీదికే లేచింది. ఎన్ని రకాలుగా చెప్పినా తలకెక్కలేదు. పోయిన వాళ్లాయన గుర్తొచ్చాడు నాకు.

"అక్కా, విస్కేసి బావ అద్దె సైకిలు మీద జనాన్ని దింపేవాడు కదా. రోజూ అద్దె కట్టేవాడా?"

"కట్టకపోతే సైకిలు వాడు ఊరుకుంటాడా? ఇంటిమీదికొచ్చేవాడు."

"కట్టాక మర్నాడు అద్దె తగ్గేదా?"

"ఎందుకు తగ్గుద్ది? సైకిలు మొత్తం ఈయన దగ్గరే ఉంది కదే."

"మరి ఆ లక్ష మూడు నెలలూ ఎవరి దగ్గరుంది? మధ్యలో ఒక్క క్వాచా అయినా పెట్టెలో వేశావా? వడ్డీ అంటే దాని అద్దె, అక్కా."

అక్క కుప్ప వైపు చూసింది. తీసిన గింజలన్నీ కుప్పలో కలిపేసి, చేటలోంచి కొత్తవి పది పెట్టింది. ఇంకో పది, ఇంకో పది. కుప్ప జోలికి పోలేదు.

"ముప్ఫై. నేనిచ్చింది ఇరవై ఏడు" అంది మెల్లగా. "ఊరందరి ముందూ తిట్టానే దాన్ని" అంది. ఆవిడ ముఖం చూడలేక నేను చేట సర్దుకుంటూ కూర్చున్నాను. హామీ మాట ఇద్దరం మర్చిపోయాం.

తర్వాత కొన్నాళ్లు రోజూ ఒక పళ్లేనికి బదులు రెండు పళ్లేల మందాసీలు వేయించి అమ్మింది. డబ్బు చేతికొచ్చాక ఒక మధ్యాహ్నం వచ్చి లెక్క అప్పజెప్పింది. చెల్లెలి మూడు వేలు ఏడాది తన దగ్గరున్నాయి. నెలకు మూడొందలు చొప్పున మూడు వేల ఆరువందల వడ్డీ. అసలుతో ఆరు వేల ఆరువందలు. గింజలు లేకుండానే వేసింది, తప్పు లేదు. నన్నూ తోడు రమ్మంది. మినీబస్సు డ్రైవర్లని వణికించే మనిషి నా చెయ్యి పట్టుకుని ఆ వాకిలి దాటింది.

ఫెలిస్తా న్సిమా పళ్లెం ముందు కూర్చుని ఉంది. అక్క డబ్బు చాప మీద పెట్టి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు లెక్కంతా చెప్పింది. ఫెలిస్తా చివరిదాకా వింది. మూడు వేలు తీసి కొంగున ముడేసుకుని, మిగతాది అక్క వైపు నెట్టింది.

"డబ్బుకి నెలకింతని కట్టావు, బాగుంది. ఏడాది నుంచి ఒక్కదాన్నే తింటున్నాను అక్కా. దానికి నెలకెంత కడతావు?"

ఎనెలెసి అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. ఫెలిస్తా అక్క చేతుల మీద నీళ్లు పోసి, పళ్లెం మధ్యకి జరిపింది. ఒక్క మనిషికి వండిన న్సిమా, నాలుగు ముద్దలకే అయిపోయింది. ఎనెలెసి అక్క ముక్కు చీదుకుని లేచింది. ఇంతేనా నువ్వు వండుకునేది, ఎలా చిక్కిపోయావో చూడు అని చెల్లెల్ని తిడుతూ మళ్లీ పొయ్యి వెలిగించింది.