పాలమ్మి కొన్న బలం

నా చిన్నప్పుడు మా ఇంట్లో గేదె ఉండేది గాని, మేం పాలు తాగి ఎరగం. నందిగామ దగ్గర మా ఊళ్లో మిర్చికోతకు పోయే ఇళ్లన్నిటిదీ అదే తీరు. పూటపూటా పాలు అమ్మకానికి పాలకేంద్రానికి పోయేవి.

ఒక ఏడాది మా చెల్లికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గినా నాలుగడుగులు వేస్తే కూలబడేది. అమ్మ బెదిరిపోయి, పాల డబ్బులు పెట్టి నందిగామలో బలం పొడి డబ్బా కొనుక్కొచ్చింది. పాలల్లో కలిపి పట్టమన్నాడు కొట్టాయన. పాలేమో డబ్బా కోసం అమ్ముడైపోయాయి. బలమంతా పొడిలోనే ఉందనుకుని అమ్మ వేడినీళ్లలో కలిపి పట్టేది. నెల గడిచినా చెల్లి గోడ పట్టుకునే నడిచింది. అమ్మ రెండో డబ్బా కొంది.

జగ్గయ్యపేటలో టీచరుగా చేసే మా మేనత్త సెలవులకు వచ్చి, పాలు అమ్మొద్దని ఎంత చెప్పినా అమ్మ వినలేదు. అమ్మ కూలికి పోయిన వేళ అత్త ఆ పొడి తీసేసి, వేయించిన శనగపప్పు, వేరుశనగలు, బెల్లం మెత్తగా దంచి డబ్బాలో నింపింది. సాయంత్రం చదువురాని మా అమ్మకు డబ్బా మీది అక్షరాలు చూపించి, "నీళ్లల్లో కలిపితే పొడిలో బలం చచ్చిపోద్దంట, పాలల్లోనే కలపాలంట. ఇదిగో, రాసుంది" అంది. వదిన మాట వినని అమ్మ డబ్బా మాట విన్నది.

కొన్నాళ్లకు చెల్లి తనంతట తాను బడికి నడిచింది. అమ్మ వాకిట్లో అందరికీ డబ్బా చూపించి పొగుడుతుంటే, అత్త ఉండబట్టలేక నిజం చెప్పేసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

అమ్మ ముఖం మాడిపోయింది. "శనగపప్పు సంగతి నాకు తెలవదా వదినా? మనం కూలికి పోయే కామందుగారి పిల్లలు తాగేది నా పిల్ల కూడా తాగాలనుకున్నా. తప్పా?"



అమ్మది అజ్ఞానమని చాలా ఏళ్లు అనుకున్నాను. పాలను నమ్మకపోవడం అజ్ఞానమే, కాదనను. కానీ పిల్లను పదిమందిలో ఎవరూ తక్కువగా చూడకూడదన్న కోరిక అజ్ఞానమా? ఆ గౌరవం ఊరు ఇవ్వలేదు. డబ్బాలో ఉందని వ్యాపారి చెప్పాడు, లేదని తెలిసే చెప్పాడు. ఇవాళ కంచికచర్ల బస్టాండులో "మీ బిడ్డ వెనకబడిపోతోందా?" అని తల్లులను బెదిరించే పొడి డబ్బాల బోర్డులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూలి చేసుకునేవాళ్లు ఖరీదైన వస్తువు కొన్నారని ఎవరైనా వెటకారం చేస్తే ఇంకా మండుతుంది. వాళ్లను ఎక్కడ ఎవరు చిన్నబుచ్చారో ముందు అది చెప్పమంటాను. ఆ తర్వాతే వస్తువు సంగతి మాట్లాడతాను.