ఆంద్రయ్య ఊరి వంతెన

మేస్త్రీ కొత్త గోడ మీద నీళ్ళు చల్లగానే తడి ఇటుక వాసన గుప్పుమంది. గరిటె పొయ్యి దగ్గరే వదిలేసి వెళ్ళి ఆ గోడ పక్కన నిలబడ్డాను. రంగూన్‌లోని మా పజుండౌంగ్ పేటలో మిగతావాళ్ళకి ఆ వాసనకి ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం ఆంద్రయ్యే గుర్తొస్తాడు.

ఆంద్రయ్య తెలుగువాడు కాడు. లాట్వియా అనే చలిదేశం నుంచి ఓడెక్కి రంగూన్ వచ్చి, అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బాయిలర్ల చుట్టూ ఇటుకలు పేర్చే తాపీ పనిలో కుదిరాడు. అసలు పేరు ఆంద్రెయ్స్. మావాళ్ళ నోట అది అలా తిరిగింది. కూలీల దగ్గర నేర్చుకున్న శ్రీకాకుళం తెలుగు గడగడా మాట్లాడేవాడు. మా అమ్మ నడిపే పూటకూళ్ళింట్లోనే ఆయన భోజనం. అప్పటికి నేను పెళ్ళీడు పిల్లని, వడ్డన నాది.

ఆయన తినడం మొదలుపెట్టడమే పెద్ద తతంగం. విస్తట్లో అన్నం అటో గుట్ట, ఇటో గుట్ట చేసి, నడుమ పులుసు పోసేవాడు.

"ఇది వెంటా నది. ఇదిగో మా ఊరు కుల్డీగా. ఈ పక్కన పాతకోట దిబ్బ. మా జలపాతం ఎత్తు నీయంతే గానీ, ఎడల్పు సూత్తే మతి పోద్ది! పూర్వం దాని మీద బుట్టలు కట్టేవోరు. ఏటికి ఎదురెక్కే సేపలు ఎగిరొచ్చి అందులో పడిపోయేవి."

"కోతలు కొయ్యకు బాబూ! సేపలు వాటికవే బుట్టలో పడితే మావోళ్ళు సముద్రంలో పడి సావడం దేనికి?" అని అమ్మ పకపకా నవ్వేది. "అన్నం సల్లారిపోతంది, తిను ముందు."

చివర్న మునక్కాడ ముక్కలు ఏరి నదికి అడ్డంగా పేర్చేవాడు. అది వంతెన. ఎర్ర ఇటుకల వంతెన, ఏడు కమానులు. దాన్ని కట్టిన తాపీవాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడు. అక్కడికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయేది. రెండు ముక్కలు తీసి విస్తరి అంచున పెట్టేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెనక్కి మళ్ళిన సైన్యం ఆ రెండు కమానుల్నీ పేల్చేసిందని ఓడవాళ్ళు చెప్పారట.

"మరి ఊరెల్లవేటి? మీ అక్క ఎదురు సూత్తంది గదా!" అని అమ్మ దెప్పేది.

"ఇరిగిన వంతెన నేను సూడలేనమ్మా. బాగుసేసేక ఎల్తాను."

ఓడలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన మాత్రం కదల్లేదు. ఈ మనిషి ఇక ఊరి మొహం చూడడేమోనని నాకు దిగులేసేది.

ధనుర్మాసంలో ఒక ఆదివారం నాకో తిక్క ఆలోచన పుట్టింది. చుక్కలూ తామరలూ మానేసి వాకిట్లో ఆంద్రయ్య ఊరు ముగ్గేశాను. పెంకుటిళ్ళు, వాటి గోడల్ని ఒరుసుకుంటూ పారే వాగు, చర్చి, నది. వంతెనకి మాత్రం ఆయన చెప్పినట్టే రెండు కమానులు వదిలేశాను. అమ్మ చూసి గయ్యిమంది.

"ఏటే ఇది! ముగ్గులో గీత తెగితే ఇంటికి కీడు కాదేటి? కలిపెయ్!"

కలిపేసి, ఎర్రమన్ను దిద్దాను. భోజనానికొచ్చిన ఆంద్రయ్య వాకిట్లోనే ఆగిపోయాడు. వంగి కమానులు లెక్కపెట్టుకున్నాడు.

"ఎవులు కట్టేరిది?" అని అడిగాడు.

"నేనే. గీత తెగకూడదు, కలిపెయ్యమంది అమ్మ."

"కలిపెయ్యడవే! అంతేనా?" కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నా పెద్దగా నవ్వేశాడు. "తాపీ సేతిలో ఎట్టుకుని, ఎవుడో వచ్చి కడతాడని కూకున్నాను. నా అంత ఎర్రిమాలోకం ఇంకోడున్నాడేటి!"

ఆ పూట మునక్కాడలన్నీ తినేశాడు. అమ్మ మరో రెండు వేసింది. దొరికిన మొదటి ఓడకే తాపీ సంచీ, అమ్మ కట్టిచ్చిన జంతికల మూట పట్టుకుని వెళ్ళిపోయాడు. కొంతకాలానికి ఆ దేశపు నావికుడొకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వంతెన నిలబడిందట. మునక్కాడ పులుసు తినకుండా రావద్దని ఆంద్రయ్య చెప్పి పంపాడట!

మొన్నటి జపాను యుద్ధంలో బాంబు పడి మా పూటకూళ్ళింటి ముందు గోడ కూలిపోయింది. విశాఖపట్నంలో తలదాచుకున్న నేను యుద్ధం ముగిశాక తిరిగి బయల్దేరుతుంటే చుట్టాలు అడ్డుపడ్డారు. "అక్కడేటుందే, మొండిగోడలు తప్ప?" అన్నారు. అందుకే వెళ్తున్నానన్నాను.

ఇవాళ చివరి వరస పేరుస్తున్న మేస్త్రీ దగ్గర తాపీ అడిగి తీసుకుని ఒక ఇటుక నేనే పెట్టాను. వంకరగా వచ్చింది. తీసి మళ్ళీ పెట్టమంటారా అని అడిగాడు. నవ్వొచ్చింది, వద్దన్నాను. రేపు తెల్లారగానే ఈ గోడ ముందు కళ్ళాపి చల్లి ఏడు కమానుల ముగ్గు వేస్తాను.