బోదురుకప్పలు పసుపెక్కిన పొద్దు

మూడేళ్ళ జువాలజీ డిగ్రీలో నేను కలిసిన కప్పలన్నీ సీసాల్లో ఉన్నవే. పరిచయం ఏకపక్షం. అందుకే జూన్ చివర్లో ఓ సాయంత్రం క్లాస్‌మేట్ రమణ ఫోన్ చేసి, "మా ఊళ్ళో మొదటి పెద్దవాన పడుతోంది, రేపు బోదురుకప్పలు పసుపెక్కుతాయి, వస్తావా?" అనగానే, సాక్షాత్తూ శాస్త్రమే పిలిచినంత గంభీరంగా గొడుగు తీసుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున రాజమండ్రిలో ఐదింటి బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా ఏడున్నరకి అమలాపురం. టిక్కెట్టు వంద దాటింది. అక్కణ్ణుంచి అల్లవరం వైపు షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"రొయ్యలు కొనడానికి వచ్చేరాండీ?" అన్నాడు డ్రైవరు.

"లేదండి, కప్పల్ని చూడ్డానికి."

అద్దంలో నన్ను రెండుసార్లు చూసేడు. "ఆయ్. మా బాత్రూంలో రెండున్నాయండి. ఊరికే చూపిస్తాను."

రమణ వాళ్ళ బాబాయి సూర్రావుగారి నారుమడి ఇంకా కనబడకముందే వినబడింది: పది డీజిల్ ఇంజన్లు స్టార్టవ్వకుండా మొండికేస్తున్నట్టు. రమణ వెనకే గట్టెక్కేను. నిన్నటిదాకా బురదరంగులో ఉన్న మగకప్పలు, అరచేతిని మించినవి, నిమ్మపండు పసుపులో ఉన్నాయి. అరిచినప్పుడల్లా గొంతుకి రెండువైపులా నీలిమందు రంగు బుడగలు. నీళ్ళమీద గుడ్లు సగ్గుబియ్యం జావలా తేలుతున్నాయి. అరగంటలో నా ఫోన్ నిండా వాటి ఫొటోలే.

అప్పుడు సూర్రావుగారు పార పట్టుకుని వచ్చేరు. మొలకవిత్తనం చల్లి మూడు రోజులైంది. నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. గట్టు కొట్టి మురుగుకాలువలోకి వదలాలి. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు పోయేదీ ఆ కాలువలోకే. అందులో పడితే గుడ్లు బతకవు.

"బాబాయిగారూ, ఒక్క వారం ఆగలేరాండీ?"

"ఆగొచ్చు బాబూ. మరి ఏడాదంతా మీ ఫొటోలు వండుకు తినమంటారా?"

ఆయన కాలువగట్టు మీద పార ఎత్తేరు. గుడ్లవైపు చూసి దించేసేరు. వెనక్కొచ్చి, పక్కనున్న తన పల్లపు చేలోకి జానెడు గండి కొట్టేరు. నీళ్ళు మెల్లగా జారేయి, గుడ్ల తెట్టు వాటి వెంటే వెళ్ళింది.

"ఈ చేను మరెప్పుడు దున్నుతారండీ?"

"నారెదిగేదాకా ఇది ఖాళీయే కదా బాబూ. అప్పటికి వీటికీ కాళ్ళొస్తాయి."

నారుకీ కప్పపిల్లకీ ఇంచుమించు ఒకే నెల చాలని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన పార దించిన ఆ ఒక్క నిమిషంలో ఉంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: పెద్దవాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్ళండి, గట్టుమీద చెప్పులు విప్పి నడవండి. నా ఎడమచెప్పు జారి ఆ పల్లపు చేలోనే పడింది. కప్పలకి కాళ్ళొచ్చేదాకా దాన్ని తియ్యడానికి వీల్లేదని సూర్రావుగారి ఆజ్ఞ.