మగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య

మొన్న మధ్యాహ్నం అంగడికి ఒక స్పీకరు డబ్బా మరమ్మతుకు వచ్చింది. ఊరేగింపులకు మైకుసెట్టు బాడుగకిచ్చే ఆయన దాన్ని ఆటోలో వేసుకొచ్చి, బరువు శబ్దం బాగానే ఉంది, సన్న శబ్దమే రావడం లేదని చెప్పి పోయాడు. ఆదోనిలో పత్తి మార్కెట్ యార్డుకు పోయే దారిలో నాదొక చిన్న అంగడి. ఈ కాలంలో జనం పాడైనదాన్ని పారేసి కొత్తది కొనుక్కుంటారు కనుక నాకు పని తక్కువ, తీరిక ఎక్కువ. పత్తి లారీలు పోతుంటే లేచే దూది పోగులు బల్ల మీద వాలి, సోల్డరింగు కొన తగిలి కమురు వాసన వేస్తాయి. డబ్బా వెనక చెక్క విప్పి చూస్తే లోపలున్న రాగి తీగ చుట్ట, అంటే కాయిలు, మేము చేసి ఇచ్చిందే. తీగ విడిపోకుండా ఎర్ర నూలు పోగుతో వేసిన ముడి అలాగే ఉంది. అది మా ఇంటామె వేసిన ముడి. ఆమె పోయి ఎనిమిది నెలలయింది. ముడిని చూస్తే ఏమైనా అవుతుందేమోనని కాసేపు కూర్చున్నాను. ఏమీ కాలేదు. టీ తెప్పించుకుని తాగాను.

స్పీకరు డబ్బాలో ఏం జరుగుతుందో తెలియనివారికి చెప్పాలి. డోలు, సన్నాయి, మనిషి గొంతు అన్నీ కలిసిపోయి ఒకే తీగలో కరెంటుగా వస్తాయి. అందులో నిదానంగా ఊగేది బరువు శబ్దం, వేగంగా వణికేది సన్న శబ్దం. కండెన్సరు వేగంగా వణికేదాన్ని పోనిచ్చి నిదానమైనదాన్ని ఆపేస్తుంది. కాయిలు దానికి సరిగ్గా తలకిందులు. కాయిలు గుండా పోయింది పెద్ద స్పీకరుకు, కండెన్సరు గుండా పోయింది చిన్న స్పీకరుకు చేరుతుంది. ఏ వేగం దగ్గర ఆపాలో ఆ హద్దును కోత అంటాం, కాయిలుకు చుట్లు పెరిగేకొద్దీ అది కిందికి జరుగుతుంది. దీన్నంతా కలిపి మేము ఫిల్టరు అంటాం. ఫిల్టరు పోయిందని ఒకాయనకు చెబితే, స్పీకరులో నీళ్ళెందుకు పోశావని నన్నే నిలదీశాడు.

ఆ చుట్లు వేయడం నాకు చేతకాదు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతాను. మా ఇంటామె ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టింది. నడక వచ్చినప్పటినుంచి కండెలకు నూలు చుట్టిన చేయి. పెళ్ళయిన ఏడాదే నా చేతిలోంచి రాగి తీగ లాక్కుని, పుట్టింటినుంచి తెచ్చుకున్న రాట్నానికి గొట్టం బిగించి చుట్టేసింది. పైకి లెక్కపెట్టేది కాదు, అయినా ఒక్క చుట్టు తేడా వచ్చేది కాదు. నీ డబ్బాల్లో గొంతు ఎంత స్పష్టంగా ఉంటుందప్పా అని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటే నేను తల ఊపేవాణ్ణి. ఎవరు చుట్టారో ఎవరికీ చెప్పిన గుర్తు లేదు.

ఆమెది బొంగురు గొంతు. ఫోనెత్తితే అవతలివాళ్ళు నేననుకుని "అన్నా" అనేవాళ్ళు. పైగా ఆగి ఆగి మాట్లాడేది. "పిండి మరకు పోయినాను." ఆగేది. "ఆడ కరెంటు లేదు." ఆగేది. తరవాతి మాట వచ్చేదాకా నాకు ఓపిక ఉండేది కాదు. "జొన్నలు ఆడనే పెట్టి వచ్చినావు, అంతే కదా" అని నేనే పూర్తిచేసేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది. ఈమె ఎమ్మిగనూరు బస్సు, దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది, చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆగుతుంది అని నలుగురిలో ఆటపట్టించేవాణ్ణి. దానికీ నవ్వేది.

పోయిన ఎండాకాలం నాలుగు రోజులుండి వస్తానని ఎమ్మిగనూరులో తమ్ముడింటికి పోయింది. మూడో రోజు పొద్దున నా ఫోనుకు ఆమె గొంతు మెసేజి వచ్చింది. చూశాను, వినలేదు. మగ్గం పక్కన కూర్చుని పెట్టి ఉంటుంది, దడదడ తప్ప ఏమీ తెలియదు, సాయంత్రం నేనే మాట్లాడతానులే అనుకున్నాను. మధ్యాహ్నం బామ్మర్ది ఫోన్ చేశాడు. అన్నం ముందు కూర్చున్నది పక్కకు ఒరిగిందట. గుండె అన్నారు. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు.

కర్మకాండలన్నీ ముగిశాక మెసేజి విన్నాను. "ఇదో, ఇనబడతాందా." దబ్. "రేత్రినుంచి రొమ్ములో మంటగా ఉండాది." దబ్. దబ్. "ఏం లేదులే." దబ్. "రేపు బస్సుకు వస్తా." అంతే. మంట అన్నాక పడిన ఆ రెండు మగ్గం దెబ్బల కింద ఒక మాట ఉందని నాకనిపించింది. మంటగా ఉందన్న మనిషి తరవాత ఏమంటుంది? నువ్వు రా అనే కదా అంటుంది. ఆ మాట అక్కడ ఉందా లేదా అన్నది నాకు తేలాలి. ఉంటే, ఆమె పిలిచింది, నేను పోలేదు.

ఇలాంటి పని ఫోన్లోనే చేసే యాప్‌లున్నాయట. నాకు చేతికి తగిలేదే అర్థమవుతుంది. ఫోనును ఆంప్లిఫయరుకు తగిలించి, ఇంట్లో మిగిలిన ఆమె చుట్టిన కాయిళ్ళతోనే ఫిల్టర్లు కట్టాను. మగ్గం పలక వచ్చి గుడ్డకు కొట్టే దెబ్బ బరువు శబ్దం. కింద కోశాను. దబ్ తగ్గింది, ఆమె గొంతులో బొంగురూ పోయింది. అడ్డపోగు మోసే నాడె పరుగెత్తి తగిలే టక్కుమనేది సన్న శబ్దం. పైన కోశాను. అదీ తగ్గింది, మాటల అంచులు అరిగిపోయాయి. మధ్యలో మిగిలింది రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే ఆడమనిషి గొంతు. ఇది మగ్గం, ఇది నా భార్య అని ఫిల్టరుకు తెలియదు. దానికి తెలిసింది వేగం ఒక్కటే. రెండూ ఒకే వేగంలో ఉంటే అది విడదీయలేదు. ఈ సంగతి నలభై మందికి చెప్పినవాణ్ణి, అయినా రెండు నెలలు మార్చి మార్చి కట్టాను. ఆ దెబ్బల కింద ఏమీ వినబడలేదు. ఏమీ లేదన్న నమ్మకమూ కలగలేదు.

చివరికి ఎమ్మిగనూరు పోయాను. బామ్మర్ది మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. శుభ్రం చేసినది మొదట వినిపించాను. "ఎవరు బావా ఈమె?" అన్నాడు. తరవాత అసలుది వినిపించాను. పలక మీద చేయి ఆపి మొత్తం విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. నేను దేనికోసం వెతుకుతున్నానో చెప్పాను.

"దెబ్బ కింద మాటేముంటాది బావా" అన్నాడు. "మగ్గాలింట్లో దెబ్బ మీద మాట ఎవురూ ఏయరు. మా నాయన చిన్నప్పుడే నేర్పినాడు. దెబ్బ పడేదాకా ఆగల్ల, పడినాంక సెప్పల్ల. మా యక్క ఆగింది, అంతే."

"రెండు దెబ్బలు ఆగింది కదప్పా" అన్నాను.

"ఏమో సెప్పల్లనుకోని ఉంటాది. సెప్పలేదు."

అని మళ్ళీ నేత మొదలుపెట్టాడు. వంటింట్లోంచి వాళ్ళావిడ ఏదో అడిగింది, అతను బదులిచ్చాడు. ఇద్దరి మాటలూ దెబ్బకూ దెబ్బకూ మధ్యనే పడుతున్నాయి, ఒక్కటీ దాని కింద నలగలేదు. ఏ కాయిలూ లేకుండానే.

ఆమె నన్ను పిలవలేదని తేలింది. బరువు దిగుతుందనుకున్నాను, దిగలేదు. తిరుగు బస్సులో సగం దారి దాటాక తట్టింది. ఆదోనిలో మా ఇంట్లో మగ్గం లేదు. అయినా ముప్పై ఏళ్ళు ఆమె మాటకూ మాటకూ మధ్య ఆగుతూనే ఉంది, ఆగిన ప్రతిచోటా నేను నా మాట వేశాను. నేను మాట్లాడాక ఆమె చెప్పదలచుకున్నది ఇక చెప్పేది కాదు. ఆ రోజు నేను ఎదురుగా లేను, మాటకు అడ్డమూ రాలేదు. అయినా అలవాటైపోయినట్టుంది, ఏం లేదులే అనేసింది. కిటికీ పక్కన కూర్చుని పత్తి చేలు చూస్తూ వచ్చాను. ఇది తెలిసినందుకైనా ఏడుపు రావాలి కదా అనుకున్నాను.

మొన్నటి డబ్బాలో పోయింది కండెన్సరు. మార్చాను. కాయిలు బాగానే ఉంది, ముడి విప్పలేదు. మెసేజిని మాత్రం ఏ కోతా లేకుండా రోజూ ఒకసారి వింటాను. "మంటగా ఉండాది" తరవాత రెండు దెబ్బలు పడేదాకా నోరు మెదపకుండా కూర్చుంటాను. ఆ కాస్త సేపు ఆగడానికి ముప్పై ఏళ్ళు నాకు తీరిక లేకపోయింది, ఇప్పుడు ఉన్నదంతా తీరికే.