నా ఫిట్స్‌ను నేను మొదటిసారి చూసిన రోజు: కిమ్ నుంచి సూరత్‌కు

తొంభైల మధ్యలో మేం సూరత్‌కు ఉత్తరాన కిమ్‌లో ఉండేవాళ్లం. అక్కడ నేను సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాణ్ణి. ఒకరోజు సాంచాలోంచి, నూలును అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి కణతకు తగిలింది. కుట్లు పడ్డాయి, గాయం మానింది. నాలుగు నెలలకు ఫిట్స్ మొదలయ్యాయి. నాకు తెలిసిందల్లా కళ్లు తెరిచేసరికి నేల మీద ఉండటం, నాలుక మంట, చుట్టూ జనం. సేఠ్ పనిలోకి రావద్దన్నాడు. మా మామ గాలి సోకిందని తాయెత్తు కట్టాడు. ఏడాది అట్లాగే గడిచాక, సూరత్‌లో నరాల డాక్టరు ఉన్నాడని నా భార్య భాగ్య కనుక్కొచ్చింది.

ఉదయం ఏడు దాటాక ప్యాసింజర్ ఎక్కాం. ముప్పావుగంట ప్రయాణం, ఇద్దరికీ కలిపి టికెట్లు పది రూపాయల లోపే. గాలి కోసం నేను తలుపు దగ్గర నిలబడబోతే భాగ్య చొక్కా పట్టి లాగింది.

"జర లోపలికి రా. అది నీకు జెప్పి వస్తదా?"

"కండ్లు తిరిగి పడుతున్న, అంతే గదా! గింత భయమేంది నీకు?" అని కసిరాను. ఆమె చొక్కా వదల్లేదు.

స్టేషన్ బయట ఆటో పదిహేను రూపాయలకు కుదిరింది. జబ్బు ఎవరికని అడిగిన డ్రైవరు, నాకేనంటే నమ్మలేదు. "ఆద్మీ తో ఠీక్ లగ్తా హై," అన్నాడు. మనిషిని బాగానే ఉన్నానని నాకూ అనిపించింది.

తొమ్మిదికల్లా ఆసుపత్రి బెంచీ మీద ఉన్నాం. పక్కన వడోద్ నుంచి వచ్చిన తెలుగు దర్జీ ఒకాయన. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆగిపోయాడు. గొంతులోంచి మనిషిది కాదనిపించే అరుపొకటి వచ్చింది. ఒళ్లు కట్టెలా బిగుసుకుని కింద పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ, పెదవులు నల్లబడ్డాయి. చచ్చిపోతున్నాడనుకుని నేను గోడకు అతుక్కుపోయాను. ఒకరు చేతిలో తాళాలు పెట్టబోయారు, ఇంకొకరు నోట్లో చెంచా. భాగ్య వాళ్లను పక్కకు నెట్టి, ఆయన తల కింద తన సంచి పెట్టి, ఒక పక్కకు తిప్పి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది.

"ఏం గాదు. ఆగుతది," అంది. రెండు నిమిషాలకు ఆగింది.

"నాకు గూడ గిట్లనే అయితదా?" అని అడిగాను.

"ఇంతకంటే ఎక్కువనే."

ఏడాదిగా ఆమె ఒక్కతే ఇది చూస్తోంది.

తేరుకున్నాక ఆ దర్జీ చాయ్ తాగుతూ నా మొహం చూసి, తనే నాకు ధైర్యం చెప్పాడు. "భయపడకు తమ్మీ. బండి మీదినుంచి పడి తల పగిలినంక నాకు వారం వారం వచ్చేది. గోలీలు వేసుకోవట్టి ఏడాది దాటింది, ఒక్కసారి రాలే. మొన్న పెండ్లికి పోయి మూడు దినాలు మరిచిన, గందుకే గిట్లయింది. కుట్టుపని చేసుకుంటున్న, పిల్లలను సాదుతున్న."

డాక్టరు నన్ను రెండే ప్రశ్నలు అడిగి, మిగతావన్నీ భాగ్యనే అడిగాడు. ఒంట్లో బాగున్నా మందు ఆపొద్దన్నాడు. ఆ తర్వాత నాకు రెండుసార్లే వచ్చాయి. సాంచా దగ్గరకు మళ్లీ పోలేదు, బట్ట మడతపెట్టే పనిలో చేరాను.

దెబ్బ తగిలింది నాకే, కష్టమంతా నాదే అనుకునేవాణ్ణి. ఆ బెంచీ దగ్గర ఆ భ్రమ పోయింది. బతకొచ్చన్న ఆశ కూడా అక్కడే పుట్టింది. ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లకు ఒకటే మాట: పాత మందుల చీటీలు మరిచిపోయినా ఫరవాలేదు, ఫిట్స్ వచ్చినప్పుడు మీ పక్కనున్న మనిషిని మాత్రం తప్పక వెంట తీసుకెళ్లండి. మీకేం జరుగుతుందో మీరు చూసి ఉండరు.